పీఆర్వో సారు వచ్చిండు

ఇంటర్ ఫలితాలు వచ్చాక దేవరకొండ, చందంపేట తండాల్లో కుక్కలకు చేతినిండా పని. పొద్దున లేస్తే కొత్త బండి. మధ్యాహ్నం ఇంకో కొత్త బండి. సాయంత్రం ఒకే బండి మీద ఇద్దరు. నాలుగు రోజులకు కుక్కలకే విసుగొచ్చి మొరగడం మానేస్తాయి. అప్పుడు ఊరికి అర్థమవుతుంది, అడ్మిషన్ల సీజన్ ముదిరిందని.

బండి దిగే మనిషి వయసు ముప్పై అటూ ఇటూ. ఇస్త్రీ చొక్కా, మెడలో కాలేజీ కార్డు, చెమటకు చొక్కాకు అతుక్కుపోయిన కార్డు తాడు. ట్యాంక్ కవర్లో బ్రోచర్లు, ప్లాస్టిక్ ఫోల్డర్లు, స్టాప్లర్, నాలుగు పెన్నులు. అందులో మూడు రాయవు. ఊరు ఆయన్ను పీఆర్వో సారు అంటుంది. మిగతా తొమ్మిది నెలలు ఆయన కామర్సో, కెమిస్ట్రీనో చెప్పే లెక్చరరే. వేసవిలో మాత్రం మేనేజ్‌మెంట్ ఆయన చేతిలో చాక్‌పీసు తీసేసుకుని టార్గెట్ పెడుతుంది. టార్గెట్ కొడితే ఎండాకాలం జీతం వస్తుంది, కొట్టకపోతే ఎండ ఒక్కటే మిగులుతుంది.

సారుకు ఊరి చరిత్ర, భూగోళం కంఠతా. ఎవరి పిల్ల ఎంపీసీ చదివింది, ఎవరి పోరగాడు సప్లిమెంటరీ రాస్తున్నాడు, ఏ ఇంట్లో మాట తండ్రిది, ఏ ఇంట్లో మేనమామది, అన్నీ తెలుసు. సెన్సస్ వాళ్లు కూడా ఇంత శ్రద్ధగా తిరగరు. గడపలోనే వరస కలిపేస్తాడు.

“కాకా, మంచిగున్నవా? పిల్లకు ఎన్ని మార్కులొచ్చినయ్?”

“పాసయిందన్నరు సారూ.”

“పాసైతే సాలు కాకా. కాస్టు, ఇన్‌కం తీసినవా?”

మార్కుల ప్రశ్న మర్యాద కోసం. అసలు ప్రశ్న రెండోది. మీసేవలో తీసిన ఆ రెండు కాగితాలు లేకపోతే వెయ్యికి తొమ్మిదొందల ఎనభై వచ్చిన సరస్వతి అయినా సారు కంటికి ఆనదు. అవి ఉంటే అత్తెసరు మార్కుల పిల్లాడు కూడా బంగారు కొండే.

ఇందులో సారు తప్పేమీ లేదు, లెక్క అలా ఉంది. పై చదువులకు సర్కారు డబ్బివ్వడం మనకు కొత్త కాదు. ఎస్సీ విద్యార్థులకు పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ తెల్లదొరల కాలంలోనే, 1944లో మొదలైంది. కానీ ఉమ్మడి రాష్ట్రంలో వైఎస్ రాజశేఖరరెడ్డి ప్రభుత్వం 2008లో ఫీజు రీయింబర్స్‌మెంట్‌ను పెద్ద ఎత్తున తెచ్చాక కథ మలుపు తిరిగింది. ఎస్సీ, ఎస్టీలకు ఏడాదికి రెండు లక్షల లోపు, బీసీలకు పల్లెలో లక్షన్నర, పట్నంలో రెండు లక్షల లోపు ఆదాయముంటే చాలని ఏళ్లుగా నడిచిన లెక్క. ఇంజనీరింగ్‌లో ర్యాంకు పదివేలు దాటిన బీసీ పిల్లలకు 35,000 కట్టారు. పదివేల లోపైతే మొత్తం ఫీజు కట్టారు. కూలీ ఇంటి నుంచి బీటెక్ వచ్చింది. నల్గొండలో, పాలమూరులో ఇంటికో మొదటి గ్రాడ్యుయేట్ తయారైంది ఈ డబ్బుతోనే. దాన్ని కాదనేవాళ్లకు ఆ ఇళ్లు తెలియవు.

దాంతో పాటు కాలేజీలూ వచ్చాయి. ఉమ్మడి రాష్ట్రంలో ఇంజనీరింగ్ కాలేజీలే 600 దాటాయి. కందిచేను మధ్యలో నాలుగంతస్తుల భవనం, దానికో దేవుడి పేరు, గేటు ముందు పచ్చబస్సు. 2014లో జేఎన్టీయూ హైదరాబాద్ తనిఖీలు చేసి నూటయాభైకి పైగా కాలేజీలకు అనుబంధం ఆపేసేదాకా లోపల ల్యాబుందా, లెక్చరరున్నాడా అని అడిగే తీరిక ఎవరికీ లేకపోయింది. సీట్లు ఎక్కువ, పిల్లలు తక్కువ. మధ్యలో పుట్టినవాడే మన సారు.

2016లో తెలంగాణలో డిగ్రీ ప్రవేశాలకు ‘దోస్త్’ వచ్చింది. ఇక దరఖాస్తు ఆన్‌లైన్, సీటు ఆన్‌లైన్, మనిషితో పని లేదన్నారు. సారు పని అయిపోయిందని ఊళ్లో కొందరు జాలి కూడా పడ్డారు. ఆయన మాత్రం రెండో ఫోన్ కొన్నాడు. మునుపు ఊరూరా సర్టిఫికెట్లు పోగుచేసేవాడు, ఇప్పుడు ఓటీపీలు పోగుచేస్తున్నాడు.

ఓటీపీ ఘట్టం చూడాలంటే నారాయణపేట వైపు, కోస్గి, మద్దూరు పల్లెలకు వెళ్లాలి. తండ్రి చేతిలో ఉన్నది బటన్ల ఫోను. ఆధార్‌కు లింకైన నంబరేమో పెద్దకొడుకు దగ్గరుంది. పెద్దకొడుకు ముంబైలో సెంట్రింగ్ పనిలో ఉన్నాడు. సారు వేపచెట్టు కింద నులకమంచం మీద కూర్చుని, దరఖాస్తు ఫీజు రెండువందలు తన జేబులోంచే కట్టి, వివరాలన్నీ ఎక్కించి, ఓటీపీ బటన్ నొక్కుతాడు. ఇక తండ్రి ముంబైకి ఫోన్ కొడతాడు. పెద్దకొడుకు పన్నెండో అంతస్తులో కడ్డీలు కడుతున్నాడు. మొదటిసారి ఎత్తడు. రెండోసారి ఎత్తి, “ఏందే, ఎవ్వలన్న సచ్చిన్రా?” అంటాడు. విషయం చెప్పేసరికి ఓటీపీ చచ్చిపోతుంది. మళ్లీ పంపితే ఈసారి నాలుగంకెలు చదివి, “ఆగు, మేస్త్రి పిలుస్తుండు” అని పెట్టేస్తాడు. పిల్ల గడపలో నిలబడి ఇదంతా చూస్తుంటుంది. తనేం చదవాలనుకుంటోందో అక్కడున్న ఎవరూ అడగలేదు. సూర్యుడు చెట్టు దాటాక ఆరంకెలూ దొరుకుతాయి. సారు తన కాలేజీని మొదటి ఆప్షన్‌గా పెట్టి, రెండోది ఖాళీగా వదిలేస్తాడు.

“వేరేటివి పెట్టవా సారూ?”

“ఒక్కటే పెడితే సీటు గ్యారంటీ అమ్మా. ఎక్కువ పెడితే మిషన్ కన్‌ఫ్యూజ్ అయితది.”

మిషన్‌కు అలాంటి జబ్బేమీ లేదు. నల్గొండలో 1956 నుంచి నాగార్జున ప్రభుత్వ కాలేజీ ఉంది, మహబూబ్‌నగర్‌లో ఎంవీఎస్ ఉంది. వాటిని కూడా ఆ ఖాళీలో రాయవచ్చు. కానీ ఆ పేర్లు చెప్పడానికి గడపదాకా వచ్చిందెవరు? సర్కారు కాలేజీ వాళ్లు ఒకటి రెండు రోజులు కరపత్రాలు పంచి, ఫొటో దిగి, పేపర్లో వేయించుకుని వెళ్తారు. ఒకటో తారీఖున జీతం పడే మనిషికి తండా బాట కొంచెం ఎత్తుగానే కనిపిస్తుంది.

ఫీజు గురించి సారు చెప్పే మాట ఒక్కటే. “నువ్వు పైస ఇయ్యకు కాకా, సర్కారు కడుతది.” సర్కారు కట్టకపోతే అని అడిగితే సరిగ్గా అప్పుడే ఆయనకు ఫోన్ వస్తుంది.

వర్షాలు పడ్డాక సారు ఇంకో వేషంలో కనిపిస్తాడు. ఈసారి ఆయన పేరు మొబిలైజర్. గ్రామీణ యువతకు ఉచిత శిక్షణ, ఉచిత భోజనం, ఉచిత హాస్టల్, చివర్లో ఉద్యోగం. దీన్‌దయాళ్ ఉపాధ్యాయ పేరు మీద కేంద్రం 2014 సెప్టెంబరులో మొదలుపెట్టిన పథకం ఇది. 15 నుంచి 35 ఏళ్ల మధ్య వయసు ఉండాలి, చేరినవాళ్లలో నూటికి 70 మందికి కొలువు చూపించాలి. ఇక్కడ దాన్ని నడిపేది 2005 నాటి ఈజీఎంఎం అనే సర్కారు సంస్థ. కాగితం మీద చూస్తే వంక పెట్టలేని పథకం. దీనికోసం సారు ఊళ్లోకొచ్చి మార్కులూ అడగడు, కాస్టూ ఇన్‌కమూ ముందు అడగడు. “తమ్మీ, ఖాళీగనే ఉన్నవా?” అంటాడు. ఖాళీగా ఉండటమే ఇక్కడ అర్హత.

ఈ శిక్షణల పుణ్యాన పల్లెల్లో ఇంకో చిన్న తెగ తయారైంది. మొదట కంప్యూటర్, తర్వాత రిటైల్, ఆ తర్వాత హోటల్ పని, మధ్యలో సెల్‌ఫోన్ రిపేరు. అన్నీ నేర్చుకున్నాడు, గోడ నిండా సర్టిఫికెట్లున్నాయి, ఇంట్లో ఫ్యాను తిరగకపోతే మాత్రం పక్కూరి మెకానిక్‌ను పిలుస్తాడు. హైదరాబాద్‌లో షాపింగ్ మాల్‌లో చేరిన ఫొటో ఉంటుంది. రూమ్ కిరాయి, తిండి పోను మిగిలేది లెక్కేసుకుని బతుకమ్మకు ఊరికొచ్చినవాడు దసరా దాటినా తిరిగి పోడు. కొత్త బ్యాచ్ ఎప్పుడు సారూ అని అతనే ఫోన్ చేస్తాడు. వాణ్ని చూసి నవ్వడం తేలిక. పన్నెండు గంటలు నిలబెట్టి చేతికి వచ్చే జీతంలో ఇంటికి పంపడానికేం మిగలని కొలువును కొలువని రాసుకున్న రిజిస్టరును చూసి కూడా నవ్వాలి కదా.

అలాగని అన్నీ ఈ బాపతే అనుకోవద్దు. భూదాన్ పోచంపల్లి దగ్గర జలాల్‌పూర్‌లో స్వామి రామానందతీర్థ గ్రామీణ సంస్థ ఉంది. హైదరాబాద్ సంస్థానంలో నిజాంతో తలపడ్డ ఆ స్వామి పేరు మీద పీవీ హయాంలో, 1995లో వచ్చింది. బైకు మెకానిజం, హౌస్ వైరింగ్, కుట్టుపని లాంటివి హాస్టల్లో ఉంచి నేర్పిస్తారు. పాత నల్గొండ జిల్లాలో అదో పేరున్న చోటు. దాని ప్రచారమల్లా పేపర్లో రెండంగుళాల ప్రకటన. ఫలానా తేదీన ఒరిజినల్స్‌తో, ఫొటోలతో రండి. అంతే. ఐటీఐల సంగతీ అదే. రాష్ట్రంలోని 65 సర్కారు ఐటీఐలను టాటా టెక్నాలజీస్‌తో కలిసి 2,324 కోట్లతో అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పని 2024 జూన్‌లో హైదరాబాద్ మల్లేపల్లిలో మొదలైంది. షెడ్లలోకి రోబోలు వస్తున్నాయి. ఆ రోబోకు బండి నడపడం రాదు. వస్తే తండాకొచ్చి కాకాను పలకరించేదేమో.

సారును మన దగ్గరే పుట్టిన వింత జీవి అనుకుంటే పొరపాటు. సర్కారు డబ్బు విద్యార్థి వెంట నడిచే ప్రతి దేశంలో ఆయనకు దాయాదులున్నారు. తలకింత అని కమీషన్ తీసుకుని పిల్లల్ని చేర్పించొద్దని అమెరికా 1992లోనే చట్టంలో రాసుకుంది. అయినా అక్కడ కొరింథియన్ కాలేజెస్ అనే పెద్ద గొలుసు కంపెనీ ఉద్యోగాలొస్తాయని ఊదరగొట్టి, సర్కారు గ్రాంట్ల మీద, అప్పుల మీద బతికి, 2015 ఏప్రిల్‌లో ఒక్కరోజులో తలుపులు మూసేసింది. ఇంగ్లండ్ వాళ్లు 2000లో పెద్దలకు చదువు ఖాతాలు తెరిచి, మోసాలు బయటపడి మరుసటేడే మూసుకున్నారు. వాళ్ల సారు టై కట్టుకుని ఫోన్లో మాట్లాడాడు. మనవాడు కనీసం ఎండలో తిరిగాడు, చాయ్ తాగి కప్పు తానే కడిగిచ్చాడు.

పైగా ఆయన కష్టం ఆయనకుంది. సర్కారు నుంచి ఫీజు బకాయి రాదు. ట్రెజరీలో టోకెన్ పడుతుంది. టోకెన్ పడ్డా డబ్బు పడదు. డబ్బు పడలేదు గనుక సారుకు జీతం పడదు. 2025 నవంబర్ 3 నుంచి ప్రైవేటు కాలేజీలు బకాయిల కోసం బంద్ పెట్టినప్పుడు, గేటుకు తాళం వేసిన చోట బ్యానర్ కట్టినవాడూ ఆయనే. ఈ మధ్య ఎస్సీ విద్యార్థుల స్కాలర్‌షిప్‌లో కేంద్రం ఇచ్చే 60 శాతం వాటా నేరుగా పిల్లల ఖాతాల్లోకి వస్తోంది. దాంతో సారు డ్యూటీలో ఇంకో పని చేరింది. డబ్బు పడిన పిల్లాడు కొత్త ఫోన్ కొనకముందే అతన్ని పట్టుకోవాలి.

మూడేళ్లకు కాకా కాలేజీకొస్తాడు. పిల్లకు పీజీ సీటొచ్చింది, టీసీ కావాలి. కౌంటర్లో అమ్మాయి కంప్యూటర్ చూసి, రెండేళ్ల రీయింబర్స్‌మెంట్ రాలేదు, అది కట్టి తీసుకుపోండి అంటుంది. కాకాకు వేపచెట్టు కింద మాట గుర్తొస్తుంది. సారుకు ఫోన్ చేస్తాడు, స్విచ్ఛాఫ్. స్టాఫ్‌రూమ్ దాకా వెళ్లి పట్టుకుంటే సారు తల దించుకుని ప్రిన్సిపాల్ దగ్గరికి పోతాడు, బతిమాలతాడు, సగానికి ఒప్పిస్తాడు. బయటికొచ్చాక అసలు మాట చెప్తాడు.

“నా బీఈడీ సర్టిఫికెట్ గుడ ఇంకా మా కాలేజీలనే ఉంది కాకా. నాది గుడ రీయింబర్స్‌మెంటే.”

ఆయన చేతిలో ఆ కాగితం ఉండి ఉంటే గురుకులంలో పోస్టుకు వెళ్లేవాడే, తండాల చుట్టూ తిరిగేవాడు కాదు.

కాబట్టి ఈ వేసవిలో సారు మీ ఇంటికొస్తే కుక్కను అదిలించి, మంచం వేసి, మంచినీళ్లివ్వండి. కాస్ట్, ఇన్‌కం ఎలా తీయాలో, స్కాలర్‌షిప్ వెబ్‌సైట్ ఈ-పాస్‌లో రెన్యూవల్ ఎప్పుడో, 75 శాతం హాజరు లేకపోతే ఏమవుతుందో ఆయనకు తెలిసినంతగా చుట్టుపక్కల ఎవరికీ తెలియదు. అన్నీ అడిగి రాసుకోండి. ఓటీపీ మాత్రం మీ పిల్ల చేతే కొట్టించండి. ఆప్షన్లలో సర్కారు కాలేజీ పేరు కూడా పెట్టించండి. ఒరిజినల్స్ చూపించి, జిరాక్స్‌లు ఇచ్చి పంపండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు సరిచూసి అక్కడికక్కడే తిరిగిచ్చేయాలి, ఏ కాలేజీ కూడా తన దగ్గర పెట్టుకోకూడదని యూజీసీ 2018 అక్టోబర్‌లోనే చెప్పింది. ఆ సంగతి సారుకూ చెప్పండి.