రైలు పొడవు కలపాలి

మా రోజుల్లో ట్యూషన్ మేష్టారు అంటే దీపాలు పెట్టే వేళకి వీధి అరుగు మీద కనిపించే మనిషి. నెలకి మూడు రూపాయలు. అంత ఇచ్చుకోలేనివాళ్ళు బెల్లం దిమ్మో గుమ్మడికాయో పంపేవారు. ఏమీ పంపలేని ఇంటి పిల్లవాణ్ని ఆయనే కేకేసి పిలిచేవారు.

విజయనగరం రాజావారు ఇచ్చిన కోరుకొండ ప్యాలెస్‌లో 1962లో సైనిక్ స్కూలు వచ్చింది. ఇక మా చుట్టుపక్కల ఊళ్ళలో తండ్రులందరిదీ అదే ధ్యాస. 1968లో మేష్టారు మమ్మల్ని ఎనిమిది మందిని ఆ స్కూలు ప్రవేశ పరీక్షకి తయారుచేశారు. రైళ్ళూ వంతెనల లెక్కల్లో నేను ఎప్పుడూ రైలు పొడవు కలపడం మరిచేవాణ్ని. ఓ ఆదివారం నన్ను ఏటి వంతెన దాకా నడిపించుకెళ్ళారు. గూడ్సుబండి వచ్చింది. "ఇంజను అవతలి ఒడ్డు చేరింది కదరా, బండి వంతెన దాటేసినట్టేనా?" అన్నారు. చివరి గార్డు పెట్టె దాటేదాకా నోరు తెరుచుకుని నిలబడ్డాను. ఆ లెక్క మళ్ళీ తప్పలేదు.

ఇప్పుడు? మా మనవణ్ని నవోదయ పరీక్ష కోసం కోచింగ్ హాస్టల్లో వేశారు. అయిదో తరగతి పిల్లాడు! రెండు గంటల్లో 80 ప్రశ్నలు. వారం వారం నమూనా పరీక్ష, ఫోన్లో మార్కులు. సెలవుకి వచ్చినప్పుడు రైలు పొడవు ఎందుకు కలుపుతావురా అని అడిగితే, "ఫార్ములా అంతే తాతా" అన్నాడు. వాడి తప్పేం లేదు. అరవైమందిని కూర్చోబెట్టి చెప్పే ఆ సారుకి వీడి పేరే తెలియదు.

నాకు కడుపు మండేది ఇక్కడే. ఆ పరీక్షలో సగం ప్రశ్నలు బొమ్మల మీదే. పుస్తకాలూ ట్యూషన్లూ లేని పల్లె పిల్లలు కూడా నెగ్గుకురావాలని అలా పెట్టారు. నూటికి కనీసం 75 సీట్లు పల్లెలవే. ఆ బొమ్మల్ని కూడా వేలకొద్దీ బట్టీ వేయించి, డబ్బున్నవాడి పిల్లాణ్ని ముందు వరసలో నిలబెడుతున్నారు.

మొన్న ఫలితాలొచ్చాయి. మావాడికి రాలేదు. సీటొచ్చిన పిల్లల ఫొటోలతో కూడలిలో పెద్ద ఫ్లెక్సీ వెలిసింది. రానివాళ్ళ ఇళ్ళకి ఒక్క ఫోనైనా రాలేదు. పిల్లాడు రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు.

1968లో మా ఎనిమిది మందిలో సీటు ఇద్దరికే వచ్చింది. నాకు రాలేదు. ఆ సాయంత్రం నేను గాదె వెనక దాక్కున్నాను. మేష్టారు లాంతరు పట్టుకుని మా ఇంటికే వచ్చి, "రేపట్నుంచి భిన్నాలు మొదలెడదాం, పలక తెచ్చుకో" అన్నారు.