ఆవిరి యుద్ధనౌక పద్యానికి టీకా తాత్పర్యం

అవతారిక. టీకా రాయాలంటే మూలం ఉండాలి. బొమ్మ యుద్ధనౌకను ఆవిరితో నడిపే విద్య మీద మన పూర్వకవులు ఒక్క పద్యమైనా చెప్పకుండా వెళ్ళిపోయారు కనుక మూలాన్ని కూడా టీకాకారుడే సమకూర్చుకున్నాడు. దీంతో పాఠాంతరాల పేచీ, ప్రక్షిప్తాల అనుమానం రెండూ తప్పాయి. తాళపత్రం బదులు కిరాణా బిల్లు వెనక దొరికిన ఆ ఆటవెలది ఇది:

నీళ్లు నింపు ముందు, నిప్పు రాజేయుము
బరువు కింద బెట్టు పడవ నిలువ
గాలి దారి విడుము గదిలోని దివ్వెకు
చేయి విడిచి చూడు చెరువునందు

ఇచట శంక. టీకాకారుని ఊరు కరీంనగర్‌కు మానేరు నది ఉంది గానీ సముద్రం లేదు. టీకాకారుని బామ్మర్ది మాటల్లో: "బావా, మానేర్ల ఎవనితోని యుద్ధం?"

సమాధానము. యుద్ధం గురించి పద్యం ఏమీ అనలేదు. ఇక ఆవిరి ఓడలంటావా, ఈ సీమకు కొత్త కాదు. నాగపూర్ వైపు పత్తిని గోదావరి మీదుగా సముద్రానికి చేర్చాలని ఇంజనీరు ఆర్థర్ కాటన్ పట్టుబట్టాడు. 1860ల్లో ఎగువ గోదావరిలో ఆవిరి పడవల కోసం పనులు సాగాయి. దుమ్ముగూడెం దగ్గర ఒకటి, ఇంచంపల్లి దగ్గర ఇంకొకటి, ఆపైన ప్రాణహితలో మూడోది, ఇలా రాతి అడ్డంకులు నిలిచాయి. డబ్బు రాళ్ళ పాలవుతోందని 1871లో పని ఆపేశారు. సింగరేణి బొగ్గుతో గోదావరి నీళ్ళను మరిగించి కరెంటు తీసే రామగుండం పక్కనే ఉండగా, ఆవిరి మనకెందుకనడం బామ్మర్దికే చెల్లింది.

నీళ్లు నింపు ముందు, నిప్పు రాజేయుము. ఇక్కడ "ముందు" అన్నదే పద్యానికి ప్రాణం. జాతరల్లో అమ్మే రేకుపడవ సంగతి చూడండి. థామస్ పియోట్ 1891లో ఇంగ్లండులో పేటెంటు పొందిన సాధనానికి అది వారసురాలు. గొట్టాల్లో ముందు నీళ్ళు పోసి, తర్వాత దీపం పెడతారు. నీరు ఆవిరై గొట్టాల్లో ఉన్న నీటిని వెనక్కి నెడుతుంది, చల్లారి మళ్ళీ పీలుస్తుంది. నెట్టినప్పుడు ఒకే దిక్కుకు ధార కడుతుంది, పీల్చినప్పుడు నాలుగు వైపుల నుంచీ వస్తుంది. ఆ తేడానే ప్రయాణం.

యుద్ధనౌకకు రేకు చాలదు. రాగి బాయిలర్, ఇత్తడి సిలిండరు, ముషలకం, వెనక పంకా కావాలి. బాయిలర్‌లో నీళ్ళున్నంతసేపు రాగి మరుగునీటి వేడిని పెద్దగా దాటదు, ఎంత మంట పెట్టినా సరే. నీళ్ళు ఆవిరైపోయిన మరుక్షణం పగ్గాలుండవు. మామూలు తగరం మాటు 183 డిగ్రీల దగ్గరే కరగడం మొదలవుతుంది. అందుకే బాయిలర్ అతుకులకు వెండి టంకమే వేయాలి. అది కరగాలంటే ఆరువందల డిగ్రీలు దాటాలి. వెలిగారం పూసి, మంట ఊది, వెంట్రుకంత వెండి తీగెలను అతికే ఫిలిగ్రీ పనివారు ఉన్న ఊరు కరీంనగర్. నౌకాశాస్త్రాన్ని విశాఖపట్నంలో చదవవచ్చు గానీ ఈ అతుకు మాత్రం ఇక్కడే నేర్చుకోవాలని టీకాకారుని దృఢాభిప్రాయం.

బరువు కింద బెట్టు పడవ నిలువ. నమూనాకు పాత విక్రాంత్‌ను తీసుకుందాం. 1961లో మన నౌకాదళంలో చేరి, 1971 యుద్ధంలో బంగాళాఖాతంలో పనిచేసి, 1997లో విశ్రమించింది. అది ఆవిరి టర్బైన్ల ఓడ. 2022లో చేరిన కొత్త విక్రాంత్ గ్యాస్ టర్బైన్లది కాబట్టి మన పద్యానికి పరాయిది.

పొడవు 213 మీటర్లు. రెండువందలో వంతు చేస్తే 107 సెంటీమీటర్లు, మంచం పొడవులో సగం. పాత ఓడ బరువు నిండుగా దాదాపు 19,500 టన్నులు. దాన్నీ రెండువందలతో భాగిస్తే బొమ్మ 97 టన్నులు తూగాలి! బామ్మర్ది లెక్క ఇదే. బరువు పొడవుతో పాటు వెడల్పుకూ ఎత్తుకూ తగ్గుతుంది కనుక భాగించాల్సింది 80 లక్షలతో, వచ్చేది 2.4 కిలోలు. బాయిలర్, నీళ్ళు, ఇంజను, స్పిరిట్, విమానాలు అన్నీ అందులోనే సర్దాలి. ఓడ ఒళ్ళు నీటి దగ్గర పన్నెండు సెంటీమీటర్ల వెడల్పే. బాయిలర్ కొంచెం ఎత్తుగా కూర్చుంటే బోల్తా. సగం నిండిన నీరు ఓడ ఏ పక్కకు ఒరిగితే ఆ పక్కకే పరుగెత్తి పడగొట్టడానికి సాయం చేస్తుంది.

కట్టె విషయంలో మాత్రం ఆదిలాబాద్ అడవికి మించినది లేదు. నిర్మల్ బొమ్మలు చేసే పొనికి కర్ర మెత్తనిది, తేలికైనది, కత్తి చెప్పినట్టు వింటుంది. నిర్మల్ సంప్రదాయమని చింతగింజల జిగురుతో పూత వేయబోతే మాత్రం ఓడ మానేరులో పులుసవుతుంది. రంగునూనె పూయండి.

గాలి దారి విడుము గదిలోని దివ్వెకు. సుగమం. విమానాల డెక్కుతో పైనంతా మూసేస్తే స్పిరిట్ దీపం ఊపిరాడక ఆరుతుంది. లిఫ్టుల చోట్లు తెరిచి పెట్టండి.

చేయి విడిచి చూడు చెరువునందు. "చెరువు" అనగా ఉపలక్షణంచేత దిగువ మానేరు జలాశయం కూడా. స్పిరిట్ మంట ఎండలో కనబడదు కనుక, చేయి విడవమన్నది వేలు కాపాడుకోమని కూడా. "చూడు" అనడంలో వేగం సూచితం. అసలు విక్రాంత్ గంటకు 46 కిలోమీటర్లు పోయేది. నౌకా ఇంజనీరు విలియం ఫ్రూడ్ లెక్క ప్రకారం బొమ్మకు తగిన వేగం దాన్ని రెండువందల వర్గమూలంతో భాగించగా వచ్చే 3.3 కిలోమీటర్లు. అంతకన్నా వేగంగా పోతే స్పీడ్‌బోటులా ఎగిరి నవ్వులపాలవుతుంది. కట్ట మీద తాతలు నడిచే నడక చాలు.

విశేషము. ఒకటో పాదానికీ నాలుగో పాదానికీ గూఢ సంబంధం ఉంది. నీళ్ళకన్నా ముందు స్పిరిట్ అయిపోయేలా కొలిచి పోయాలి. అప్పుడే చేయి విడిచినా బాయిలర్ ఎండదు. ఓడ నడి మానేరులో ఆగుతుంది కదా అంటే, చుక్కానిని కాస్త ఒక పక్కకు తిప్పి బిగిస్తే గుండ్రంగా తిరిగి ఒడ్డుకొస్తుంది. మరి ఇంత ముఖ్యమైన చుక్కాని పద్యంలో ఎందుకు లేదని బామ్మర్ది అడిగాడు. యతి కుదరలేదు.