ర్యాకేశ్వర్రావు గారి బరువు బాధ్యతలు

లివర్‌మోర్ శివవిష్ణు ఆలయంలో దర్శనం అయ్యాక జనం బయటికొచ్చి ముందు చెప్పులు వెతుక్కుంటారు, తర్వాత కారు వెతుక్కుంటారు. మా ర్యాకేశ్వర్రావు మాత్రం పార్కింగులో పరాయి కార్ల వెనక మోకాళ్ళ మీద కూలబడి, తల వంచి బంపరు కిందికి చూస్తూ ఉంటాడు. ఒకసారి ఇండియా నుంచి వచ్చిన ఒక పెద్దావిడ అది చూసి, ఈ దేశంలో వాహనపూజ ఇంత నిష్ఠగా చేస్తారు కాబోలనుకుని, ఆ కారుకి తనూ ఒక దణ్ణం పెట్టి వెళ్ళింది.

అతను వెతికేది హిచ్ రిసీవరు. కారు వెనక అడుగున బిగించే చదరపు ఇనప గొట్టం. సైకిళ్ళు మోసే ర్యాకు దాంట్లోకే దూరుతుంది. అది రెండంగుళాలుంటే ఆ కుటుంబం గురించి "ముందుచూపున్న మనుషులు" అంటాడు. ఒకటిం పావు అంగుళం ఉంటే పైకేమీ అనడు. పిల్లల చదువుల గురించి అడుగుతాడు, జాలిగా.

అసలు పేరు వేరు. ఫ్రీమాంట్‌లో ఏదో పాట్‌లక్‌లో ఎవరో ఈ పేరు పెట్టారు, అతికింది. ఇది ఒక్కడి కథ అనుకోనక్కర్లేదు. బే ఏరియాలో వీధికొకడు ఉంటాడు. ఒకడు సోలార్ ప్యానెళ్ళ శాఖ, ఒకడు బార్బెక్యూ గ్రిల్లు శాఖ, ఒకడు ఎస్ప్రెస్సో మెషీన్ శాఖ. కొనడానికి ముందున్న కాలాన్ని వీలైనంత సాగదీసి అందులో సుఖంగా బతకడం వీళ్ళ వృత్తిధర్మం. మావాడిది ర్యాకు శాఖ.

గ్యారేజీలో రెండు మౌంటెన్ బైకులున్నాయి. ఒకటి మామూలుది. రెండోది మోటారు, బ్యాటరీ ఉన్నది. అది భార్య కోసం కొన్నానంటాడు గానీ ఆవిడ దాన్ని ఎక్కగా చూసినవాళ్ళు లేరు. బైకులు ఫ్రీమాంట్‌లో, అవి తిరగాల్సిన రెడ్‌వుడ్ కొండలు శాంతాక్రజ్‌లో. మధ్యలో నలభై మైళ్ళు, అందులో సగం మెలికలు తిరిగే పదిహేడో నంబరు హైవే. ఈ నలభై మైళ్ళూ దాటించే ర్యాకు తేలేదాకా అతను శనివారాలు ఇంటి వెనక అలమీడా క్రీక్ ట్రెయిల్ మీద తొక్కుతాడు. అది బల్లపరుపుగా సముద్రపు పాయదాకా పోతుంది. ఆ దారిన స్ట్రాలర్లలో పసిపిల్లల్ని తోసుకెళ్ళే తల్లుల మధ్య, మోకాలి కవచాలు కట్టుకుని, అరచేతి వెడల్పు షాక్ అబ్జార్బర్లున్న బండి మీద మావాడు వెళ్తుంటే చూడముచ్చటగా ఉంటుంది.

మొదటి ప్రశ్న, బండి బరువెంత? కంపెనీవాడు వేసిన అంకె అతను నమ్మడు. "వాళ్ళు పెడల్స్ లేకుండా తూస్తారు" అన్నాడు. అది నిజమే. అందుకని ఇండియా ప్రయాణాలకి సూట్‌కేసులు తూచే కొక్కెం త్రాసు దించాడు. గ్యారేజీ దూలానికి తాడు వేసి, త్రాసు కట్టి, సీటు కింద కొక్కెం తగిలించి, హ్యాండిల్‌కి బెల్టు వేసి అదే కొక్కేనికి కలిపి, బండిని నేల మీద నుంచి జానెడెత్తున వేలాడదీశాడు. నన్ను చక్రం తిరక్కుండా పట్టుకోమన్నాడు. తను కింద పడుకుని త్రాసు మీద అంకె చదివాడు.

"యాభై ఒకటి."

"యాభై దాటితే ఎక్సెస్ బ్యాగేజీ కడతారండీ. ఆవకాయ సీసా ఒకటి తీసెయ్యండి" అంది భార్య, వంటింటి తలుపులోంచి.

అతనికి కోపం రాలేదు. లేచి, తాళం తిప్పి, నిజంగానే బ్యాటరీ ఊడదీశాడు. ఏడు పౌండ్లు తగ్గింది. "చూశావా? బ్యాటరీ ఎప్పుడూ కారు లోపల రావాలి, ర్యాకు మీద కాదు" అని నాకు చెప్పి, ఆవిడకి థాంక్స్ చెప్పాడు.

ఇక లెక్కలు. మోటారు బండి బ్యాటరీతో సహా వేసుకున్నా యాభై ఒకటి, మామూలు బండి ముప్ఫై నాలుగు, ర్యాకు సొంత బరువు యాభై రెండు. మొత్తం నూట ముప్ఫై ఏడు. చిన్న తరగతి హిచ్ కూడా రెండొందల పౌండ్లు ఆనుతుంది కదా, గొడవ వదిలిపోయింది అన్నాను నేను. అతను ఫ్రిజ్ తెరిచి గ్యాలన్ పాలడబ్బా తెచ్చి నా చేతిలో పెట్టాడు.

"గుండెకి ఆనించి పట్టుకో. బరువుందా?"

"లేదు."

"ఇప్పుడు చెయ్యి చాపు. పూర్తిగా."

చాపాను. తొమ్మిది పౌండ్లు కూడా లేని పాలు భుజాన్ని పీకేశాయి.

"ఇప్పుడు గతుకులో పడు."

మా కాలనీలో ఈ పాలడబ్బా పరీక్షకి కూర్చోనివాళ్ళు లేరు. విషయం మాత్రం గట్టిదే. ర్యాకు మీద బరువు కారు లోపల ఉండదు, వెనక రెండు మూడడుగుల దూరంలో వేలాడుతుంది. గతుకు వచ్చిన ప్రతిసారీ ఆ బరువు ఇంకా పెరిగి హిచ్‌ని మెలిపెడుతుంది. దానికి తోడు ఎక్స్‌టెన్షన్ గొట్టం కూడా తగిలిస్తే హిచ్ ఆనే బరువు సగానికి పడిపోతుంది. అసలు చాలామంది చూడనిది ఇంకొకటుంది. హిచ్ ఎంత మోస్తుందన్నది ఒక లెక్క, ర్యాకులో ఒక్కో ట్రే ఎంత మోస్తుందన్నది వేరే లెక్క. మంచి ర్యాకుల్లో చాలావాటికి ట్రేకి అరవై పౌండ్లు పరిమితి. అంతకంటే తక్కువ రకాల్లో మోటారు బండి పెడితే హిచ్ బాగానే ఉంటుంది, ట్రే వంగుతుంది. ఇది మావాడు చెప్పగా విని, నాలుగు బైకుల చవక ర్యాకు కొనబోయిన ఒక పెద్దమనిషి చివరి నిమిషంలో ఆగిపోయాడు.

ఇక రకాలు. కారు నెత్తి మీద పెట్టే ర్యాకు గురించి అడిగితే, యాభై పౌండ్లు తలపైకెత్తి చూపించమంటాడు. ఎత్తినా, పైన బండి ఉందన్న సంగతి మర్చిపోయి గ్యారేజీలోకి దూరే రోజు ఒకటి వస్తుందంటాడు. డిక్కీకి పట్టీలతో కట్టేది బరువు బండ్లకి పనికిరాదు. పైగా వెనక అద్దం, స్పాయిలరు దానికి బలి. బండ్లని ఫ్రేము పట్టి వేలాడదీసే రకంలో కార్బన్ ఫ్రేముకి నొక్కు పడుతుంది, ఒక బండి పెడలు ఇంకో బండి చువ్వల్లోకి పోతుంది. ముందు చక్రం పట్టి నిలువునా వేలాడదీసే రకం, కెనడాలో బ్రిటిష్ కొలంబియావాళ్ళు బాగా వాడతారు. ఆరు బండ్లకి అది మహా బాగు. కానీ మోటారు బండిని ఛాతీ దాకా ఎత్తాలి. మిగిలింది ప్లాట్‌ఫామ్ రకం. చక్రాలు రెండూ ట్రేలో కూచుంటాయి, ముందు టైరు మీద నుంచి కొక్కెం వచ్చి బిగుస్తుంది, ఫ్రేముని ఏదీ ముట్టుకోదు, ఎక్కించడానికి వాలుబల్ల కూడా ఇస్తారు కొందరు.

ఇదంతా అతనికి మొదటి వారంలోనే తేలిపోయింది. మామూలు మనిషైతే అక్కడ కొనేసేవాడు. శాఖాపరులకి అసలు పని అక్కడ మొదలవుతుంది.

కంపెనీల ప్రవర చెప్పమంటే కన్ను ఆర్పకుండా చెప్తాడు. తూలే స్వీడన్‌ది, 1942లో పుట్టింది, మొట్టమొదట ర్యాకులు కాదు, చేపలు పట్టే బోనులు చేసేవాళ్ళు. కుయాట్ మిస్సోరీలో స్ప్రింగ్‌ఫీల్డ్‌ది. వన్ అప్ విస్కాన్సిన్‌ది, వాళ్ళది రెండు చక్రాల్నీ చేతులు చాచి కౌగిలించుకునే రకం. షాపుకెళ్తే ప్రతి ర్యాకునీ చేత్తో పట్టుకుని ఊపుతాడు. ఊగితే పనికిరాదు, ఊగకపోతే ఎందుకు ఊగడంలేదని అనుమానం. పొగగొట్టం వేడికి ట్రేలో ఉన్న టైరు మెత్తబడుతుందని చదివి, ఇంజను పది నిమిషాలు నడిపి, పిల్లాడి జ్వరం చూసే థర్మామీటరుతో గొట్టం ముందు కూర్చున్నాడు. ఆ థర్మామీటరు మళ్ళీ పనిచెయ్యలేదు.

సైకిలు మోయడానికి ఇంత హైరానా ఎందుకోయ్ అని ఎవరైనా అన్నారా, 1976 అక్టోబరు 21కి తీసుకెళ్ళిపోతాడు. ఆ రోజు గోల్డెన్ గేట్ వంతెనకి అవతల, మారిన్ కౌంటీలో ఫెయిర్‌ఫాక్స్ దగ్గర, కొందరు కుర్రాళ్ళు పాత ష్విన్ సైకిళ్ళ మీద మట్టి కొండదారిన కిందికి పందెం వేసుకున్నారు. దిగేసరికి వెనక హబ్బులో బ్రేకు కాలి గ్రీజంతా పొగైపోయేది, మళ్ళీ దట్టించుకోవాలి, అంటే రీప్యాక్ చెయ్యాలి. ఆ రీప్యాక్ పందేల కుర్రాళ్ళే గ్యారీ ఫిషర్, జో బ్రీజ్, చార్లీ కెల్లీ. మౌంటెన్ బైకు అక్కడ పుట్టింది. ఆ పాత సైకిళ్ళు నలభై, యాభై పౌండ్లు తూగేవి. 1977లో బ్రీజ్ కొండల కోసమే ఫ్రేము కట్టాడు, 1981లో స్టంప్‌జంపర్ బజారుకొచ్చింది, తర్వాత అల్యూమినియం, ఆ తర్వాత కార్బన్. ఇంజనీర్లు గ్రాము గ్రాము గీకి గీకి ముప్ఫైకి దించారు. దించి, దానికి మోటారు పెట్టి మళ్ళీ యాభైకి చేర్చారు.

"అయితే వాళ్ళు కొండమీదికి ఎలా తీసుకెళ్ళేవారు?"

"పికప్పు ట్రక్కులో పడేసి" అంటాడు. కాసేపు ఏమీ మాట్లాడడు. అతని దగ్గరున్నది టయోటా సియన్నా.

ఈలోగా అతని సలహా మీద కాలనీలో సగం మంది ర్యాకులు కొనేశారు. ఒకరు దసరాకి కొన్నారు, ఒకరు మెమోరియల్ డే సేల్‌లో కొన్నారు. కొన్నవాళ్ళ కష్టాలు కూడా ఇతనికే చేరతాయి. ఒకాయన రివర్సు వేస్తే కారు తనంతట తనే బ్రేకు కొట్టేస్తోంది. వెనక ర్యాకు మీదున్న బండిని అది అడ్డొచ్చిన మనిషి అనుకుంటోంది. ఇంకొకాయన దోసె తినడానికి ఆగి, బైకులు బయట ఉన్నాయని కిటికీ పక్క బల్ల కోసం నలభై నిమిషాలు నిలబడ్డాడు. ఇవన్నీ విని మావాడు బాధపడేవాడు. ఆ బాధలో కొంచెం తృప్తి కూడా ఉండేదని నా అనుమానం. అతనికి మాత్రం హిచ్ కూడా లేదు. సియన్నాకి ఏ హిచ్ వేయించాలన్నది ర్యాకు తేలాక గదా.

పోయిన వేసవిలో మామగారు వచ్చారు. కోనసీమ, అంబాజీపేట. కొబ్బరి వ్యాపారంలో జీవితమంతా సైకిళ్ళకి గెలలూ బస్తాలూ కట్టించిన మనిషి. అల్లుడు రెండు రోజులు ఆయనకి ర్యాకుశాస్త్రం మొత్తం చెప్పాడు. ఆయన పాలడబ్బా కూడా పట్టుకున్నారు.

"ఓడలు బళ్ళవుతాయంటే విన్నానండీ అల్లుడుగారూ. మా సైకిళ్ళు ఊరందర్నీ మోశాయి. ఈ సైకిలుని మొయ్యడానికి ఇంకోటి కావాలాండీ?"

"యాభై ఒక్క పౌండ్లండీ మామయ్యగారూ."

"అంటే ఎంతండీ?"

"ఇరవై మూడు కిలోలు."

"నా పెట్టె అంతే కదండీ! రెండు తెచ్చుకున్నాను. రెండూ మీ కారులోనే వచ్చాయి కదండీ ఎయిర్‌పోర్టు నుంచి."

అల్లుడు నవ్వాడు. ఆయన నవ్వలేదు. శనివారం పొద్దున్న మేం గ్యారేజీకి వెళ్ళేసరికి లుంగీ పైకి కట్టి పనిలో ఉన్నారు. సియన్నాలో మూడో వరుస సీటు తాడు లాగితే వెనక్కి తిరిగి నేల గుంటలోకి మడుచుకుపోతుంది. అది మనవడి చేత చేయించారు. రెండో వరుస ముందుకి జరిపించారు. అల్లుడి పెట్టెలోంచి ఆరో నంబరు అలెన్ కీ అడిగి తీసుకుని, ఇరుసు విప్పి, రెండు బండ్ల ముందు చక్రాలూ ఊడదీశారు. చక్రం లేనప్పుడు బ్రేకు నొక్కితే ప్యాడ్లు కరుచుకుపోతాయని అల్లుడు ఆదుర్దాగా చెప్పబోతే, ఆయన జేబులోంచి తన బోర్డింగ్ పాసు ముక్క తీసి, నాలుగు మడతలు పెట్టి ప్యాడ్ల మధ్య దోపారు. కింద పాత దుప్పటి పరిచారు. ఒక బండి ఫోర్కు రెండు సీట్ల మధ్య సందులోకి పోయింది. రెండోది దానికి ఎదురుగా, హ్యాండిలు తిప్పి, ఏటవాలుగా పడుకుంది. ఇంట్లోంచి ఇంకో దుప్పటి తెప్పించి మధ్యలో పెట్టి, రెంటినీ కలిపి తాడుతో కట్టారు. వెనక తలుపు మెల్లగా దించారు. అది టక్కున పడింది.

చెయ్యడానికి ఎంతసేపూ పట్టలేదు. హిచ్ లేదు, ట్రే లేదు, పొగగొట్టం లేదు. పదిహేడో హైవే మీద మలుపు మలుపుకీ అద్దంలో చూసుకోవాల్సిన పనీ లేదు. శాంతాక్రజ్ కొండల్లో మావాడు మొట్టమొదటిసారి చెట్ల మధ్య మట్టిదారిన దిగాడు, మోచెయ్యి గీరుకున్నాడు, అరిచాడు, ఆనందంగానే. మామగారు కారు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుని, పార్కింగులోకొచ్చే ర్యాకులన్నీ చూస్తూ గడిపారు. వచ్చేటప్పుడు ఇడ్లీలకి ఆగితే ఎవరూ కిటికీ వైపు చూడలేదు. బండ్లు తాళం వేసిన కారులో దుప్పటి కింద ఉన్నాయి.

"అయితే ఇంక ర్యాకు కొనక్కర్లేదన్నమాట. పీడా వదిలింది" అంది భార్య సాంబారు గిన్నె జరుపుతూ.

మావాడి మొహం చూశాను. అయినవాళ్ళెవరో పోయినట్టు ఉంది. ఇడ్లీ చేతిలోనే ఉంది. మామగారు పచ్చడి బాగుందన్నారు, పిల్లాడు ఇంకో వడ అడిగాడు, అతను దేనికీ పలకలేదు. కాఫీ వచ్చేటప్పటికి కనుబొమలు కాస్త పైకి లేచాయి.

"మామయ్యగారూ, ఇక్కడ నవంబరు నుంచి వానలండీ" అన్నాడు. "అంత బురద కారు లోపలికి ఎక్కించలేం కదండీ?"