లింకన్న

బాన్సువాడకు నిజాంసాగర్ నీళ్లు ఏ ఏడు నిండుగా వస్తాయో చెప్పలేం గానీ, లింకన్న నుంచి లింకు రావడం మాత్రం ఖాయం.

లింకన్న ఒక్కడు కాడు. ఆన్‌లైన్ సెంటర్లో ఒకడుంటాడు, సొసైటీ ఆఫీసులో ఒకడుంటాడు, రైస్‌మిల్లు సాఫ్ట్‌వేర్ చూసుకునేవాడు ఇంకొకడు. పేర్లు వేరైనా తీరు ఒక్కటే. ఏది అడిగినా నోటితో చెప్పడు, చేత్తో రాయడు. ఆధార్‌కు బ్యాంకు ఖాతా లింకు చేసుకోవాలని వెళ్తే, లింకు ఎలా చేయాలో లింకు పంపిస్తాడు.

మొన్న ఒక మిల్లులో లెక్కల సాఫ్ట్‌వేర్‌కు ‘సహాయం’ పేజీ ఈయనే తయారుచేశాడు. మీట నొక్కితే వరుసగా వీడియోలే వీడియోలు. వాటి మధ్య ఒక్క వాక్యం లేదు. సేటుకు కాగితం మీద చూస్తే తప్ప ఏదీ తలకెక్కదు. ప్రింటు తీయించాడు. కాగితం నిండా నల్లటి డబ్బాలు, డబ్బాకో త్రికోణం. సేటు కళ్లద్దాలు సర్దుకుని, ఆ త్రికోణం మీద వేలితో రెండుసార్లు నొక్కి చూశాడు.

లింకన్న వాదనలో పస లేదనలేం. పేజీలో ఉండేది కిటికీ మాత్రమే, వీడియో ఉండేది యూట్యూబ్ సర్వర్‌లో. బరువంతా వాళ్లే మోస్తారు. నెట్ నెమ్మదిగా ఉంటే బొమ్మ నాణ్యత తగ్గించి పంపే పని కూడా వాళ్లే చూసుకుంటారు. పెద్ద పెద్ద కంపెనీల సహాయ పేజీల్లోనూ ఇదే పద్ధతి. కాకపోతే కిటికీ మనదైనా అవతలి సరుకు మనది కాదు. వీడియో పెట్టినాయన దాన్ని తీసేసినా, ప్రైవేట్ చేసినా మనకు మిగిలేది ఖాళీ డబ్బానే.

సరుకు పాతబడటం ఇంకో తంటా. భూముల రికార్డుల పోర్టల్ ధరణి 2020 అక్టోబర్ 29న మొదలైంది. 2025 ఏప్రిల్ 14న దాని స్థానంలో భూభారతి వచ్చింది. ఆన్‌లైన్ సెంటర్ లింకన్న పేజీలో మాత్రం ధరణి రాజ్యం నిరాటంకంగా సాగుతూనే ఉంది. “భూభారతిల ఆ మీట ఏడుంది తమ్మీ?” అని ఎవరన్నా అడిగితే, “వీడియోల ఉన్నది గదనే!” అంటాడు.

అసలు తమాషా యాసంగి వడ్ల కొనుగోళ్లప్పుడు చూడాలి. తేమ 17 శాతం మించకూడదని నిబంధన. ఒక రోజు తేమ చూసే మిషను మొరాయించింది. తూకానికి వచ్చిన పెద్దాయన పిలిచాడు.

“మిషను నడుస్తలేదు బిడ్డా.”

“దాని ఎనుక కోడ్ అంటించిన గద కాకా, స్కాన్ కొట్టు.”

కొట్టారు. ముందు బంగారం దుకాణం ప్రకటన. తర్వాత నిజాంసాగర్ గేట్ల మీద డ్రోన్ షాట్. మంజీరా మీద ఈ ప్రాజెక్టు 1931లో పూర్తయిందన్న సమాచారం. ఆపైన లైక్ కొట్టండి, గంట నొక్కండి. మధ్యలో సిగ్నల్ పోయి, బొమ్మ గిరగిరా తిరిగింది. ఆకాశంలో మబ్బు పడుతోంది, కుప్ప మీద టార్పాలిన్ లేదు. చివరికి, వీడియో అయిపోవస్తుండగా అసలు మాట వచ్చింది: “సెల్లులు మార్చండి.”

పెద్దాయన లింకన్న వైపు ఒక చూపు చూశాడు. “ఈ ముక్క చీటీ మీద రాసి అంటిస్తే నీ సొమ్మేం బోయింది బిడ్డా?”

వీడియోలు వద్దని ఎవరూ అనడం లేదు. చేయి ఎలా తిప్పాలో, మూత ఎలా తీయాలో చూపించడానికి వాటిని మించినవి లేవు. కాకపోతే వీడియో కింద నాలుగు వరుసలు తెలుగులో రాయాలి. అది ఏ తేదీ నాటిదో వేయాలి. అసలు సంగతి ఎక్కడ మొదలవుతుందో సరిగ్గా ఆ నిమిషం నుంచే నడిచేలా పెట్టాలి. ఆ వెసులుబాటు యూట్యూబ్‌లో ఉన్నదే.

ఈ మాటే లింకన్నకు చెప్పాం. శ్రద్ధగా విన్నాడు. “మస్తు చెప్పినవన్నా, దీని మీద ఒక వీడియో తీద్దాం” అన్నాడు.

కాబట్టి వడ్లు జోకడానికి పోయే అన్నలారా, అక్కలారా, జేబులో ఫోనుతో పాటు రెండు కొత్త సెల్లులు కూడా వేసుకుని పోండి.