మూడేళ్ల విచారణ, ఐదు గంటల శిక్ష

ఒక సంస్థ మార్కెట్లో తనకున్న పైచేయిని పోటీదారుల గొంతు నొక్కడానికి వాడుకొన్నప్పుడు, ప్రభుత్వం చట్టబద్ధంగా అడ్డుపడడాన్ని గుత్తాధిపత్య నిరోధక చర్య అంటారు. ప్లేస్టోర్ కావలసిన ఫోన్ల తయారీదారులు గూగుల్ యాప్‌ల మూటనంతా మోయక తప్పని ఏర్పాటుపై 2019లో దర్యాప్తునకు ఆదేశించిన భారత కాంపిటీషన్ కమిషన్, 2022 అక్టోబరులో 1,337.76 కోట్ల రూపాయల జరిమానా విధించింది. అంకె ఘనమైనదే అయినా, ఆ ఏడాది దాదాపు 28,300 కోట్ల డాలర్ల రాబడి గడించిన మాతృసంస్థ ఆల్ఫాబెట్‌కు అది సుమారు ఐదు గంటల సంపాదన కనుక, ఉదయం కార్యాలయం తెరిస్తే మధ్యాహ్న భోజనం ముగిసేలోగా పాపపరిహారం పూర్తయినట్లే.

నష్టం జరగకముందే బడా సంస్థలకు హద్దులు గీసే ముందస్తు నియంత్రణను ప్రతిపాదిస్తూ 2024లో డిజిటల్ కాంపిటీషన్ బిల్లు ముసాయిదా వెలువడగానే, అది తొందరపాటనీ, నవకల్పనకు గొడ్డలిపెట్టనీ వాదనలు బయలుదేరాయి. దొంగలు పడిన ఆరు నెలలకు కుక్కలు మొరిగాయని సామెత వెక్కిరించగా, ముందే మొరిగితే దొంగల ఉత్సాహం దెబ్బతింటుందని నవీన అర్థశాస్త్రం హెచ్చరిస్తున్నది.