పొడుగు బంటు

నేను చదరంగంలో శకటుని. వెంగళరావు నగర్‌లో ఒక అపార్ట్‌మెంటు వాచ్‌మన్ గది కిటికీలో, మూత లేని బిస్కెట్ డబ్బాలో ఉంటున్నాను. ఇక్కడి పిల్లలకు నా పేరు తెలియదు. "అరేయ్, గది ఒంటె రా, అడ్డం పోతది" అంటాడొకడు. అడ్డం కాదు నాయనా, ఐమూలగా అని చెప్పాలనిపిస్తుంది. చెప్పడానికి నోరేదీ? తలమీద ఒక గాటు తప్ప ముఖమే లేదు నాకు.

అసలు నేను ఏనుగుని. మన చతురంగం పర్షియాకు వెళ్ళినప్పుడు నన్ను 'పీల్' అన్నారు. అరబ్బులకు 'ప' పలకదు కాబట్టి 'ఫీల్' అయ్యాను. స్పెయిన్‌లో ఇప్పటికీ 'అల్ఫిల్', రష్యాలో 'స్లోన్', అంటే ఏనుగే. ఇంగ్లీషువాళ్ళు మతగురువును చేసి బిషప్ అన్నారు. ఫ్రెంచివాళ్ళకు నేను విదూషకుణ్ణి. జర్మన్లకు పరుగుల మనిషిని. తీరా ఇంటికొస్తే నా ఏనుగు పేరు మూలనున్నవాడికి ఇచ్చేసి, రథం బాపతు పేరు నాకు అంటగట్టారు. శకటం అంటే ఇప్పుడు జనానికి జనవరి 26న పరేడ్‌లో వెళ్ళే బొమ్మల బండే గుర్తొస్తుంది.

నా తలమీది గాటు బిషప్ టోపీదే. 1849లో లండన్‌లో వచ్చిన స్టాంటన్ నమూనా అది. నన్ను అమృత్‌సర్‌లో చెక్కారు. ఆ సంగతి అంతకంటే చెప్పడానికేం లేదు.

అక్కణ్ణుంచి సినిమావాళ్ళకు సామాన్లు అద్దెకిచ్చే గోడౌన్‌కి చేరాను. పక్కన కృష్ణానగర్, కాస్త పైకెళ్తే ఫిల్మ్‌నగర్. పనికి కొదవ లేదు. విలన్ బంగళా సెట్ వేశారంటే సోఫా, పులితోలు, చదరంగం బల్ల ఉండాల్సిందే. అతను ఆడడు. "పావులు కదుపుతున్నాను" అంటాడు, "నీ ఎత్తుకు పైఎత్తు వేస్తా" అంటాడు, చివరికి "నీ ఆటకట్టు" అంటాడు. ఈ మాటలన్నీ మా బల్లమీంచి దిగి వెళ్ళినవే, ఒక్కదానికీ మాకు అద్దె రాదు. పర్షియన్లు 'షా మాత్' అన్నది రాజు దిక్కులేనివాడయ్యాడని. ఇంగ్లీషు చెక్‌మేట్ దాన్నుంచి పుట్టిందే. మన విలన్‌కి రాజు సంగతి అక్కర్లేదు, ఆటే కట్టెయ్యాలి.

క్లోజప్ ఎప్పుడూ రాజుకే. ఈమధ్య బంటుకూ బాగానే నడుస్తోంది. 2020లో 'అల వైకుంఠపురములో' సినిమాలో హీరో పేరే బంటు! 1967లో ఎస్వీ రంగారావు దర్శకత్వం వహించిన సినిమాకు మొత్తం ఆట పేరే పెట్టారు, 'చదరంగం' అని. శకటు అని మాత్రం కనీసం కమెడియన్‌కైనా ఎవరూ పెట్టలేదు.

అదీ పోనీ. బల్ల సరిగ్గా పెట్టరే! ఆటగాడి కుడిచేతి మూల తెల్లగడి ఉండాలన్నది తొలిపాఠం. సెట్లో నల్లగడి ఉంటుంది. రాజూ మంత్రీ తారుమారుగా నిలబడతారు. నన్ను గుర్రం చోట పెట్టి షాట్ తీసిన రోజులున్నాయి. ఆపైన డైలాగు చివర విలన్ చేత్తో అందర్నీ ఒక్క ఊపున తోసేస్తాడు. దర్శకుడికి కోపం సరిపోలేదట, మళ్ళీ పేర్చు, మళ్ళీ తోసెయ్. నా అడుగున ఉండే పచ్చగుడ్డ ఊడింది అక్కడే.

నిజంగా ఆడినవాళ్ళు లేకపోలేదు. షాట్ ఆలస్యమైన ఒక మధ్యాహ్నం కానిస్టేబుల్ వేషాల్లో ఉన్న ఇద్దరు జూనియర్ ఆర్టిస్టులు మమ్మల్ని ముందేసుకున్నారు. పెద్దాయన గుర్రం ముందు బంటుని ఒక్క గడి జరిపి, ఆ సందులో నన్ను కూర్చోబెట్టాడు. దాన్ని ఇటాలియన్ మాటతో 'ఫియాంకెటో' అంటారని ఆయనకు తెలిసుండదు. 19వ శతాబ్దంలో కలకత్తాలో జాన్ కాక్రేన్‌తో ఆడిన మహేశ్‌చంద్ర బెనర్జీదీ ఇదే పద్ధతి. మనవాళ్ళ పాత ఆటలో బంటు తొలి ఎత్తులో రెండు గడులు దూకేది కాదు, అందుకే అలా నెమ్మదిగా ఆడేవారు. 'కింగ్స్ ఇండియన్' లాంటి పేర్లలోని 'ఇండియన్' అక్కడిదే. ఆ మధ్యాహ్నం నేను అటు చివరి మూలనున్న ఏనుగును కొట్టాను. "ఉత్తినే వచ్చింది కదా అన్నా!" అని కుర్రాడు నెత్తి కొట్టుకున్నాడు. ఉత్తినే ఏం రాలేదు. పది ఎత్తులుగా అదే దారిలో కన్నేసి ఉన్నాను.

ఆటగాళ్ళ వాడుకమాటలు మాత్రం మంట పుట్టిస్తాయి. మొదటి గడి ఏ రంగైతే ఆటంతా నాకదే రంగు, మిగతా సగం బల్ల నాది కాదు. సొంత బంట్లను నా రంగు గళ్ళలోనే వరసగా పాతేస్తే నేనెటు కదలను? అలా పాతింది ఆటగాడు, 'బ్యాడ్ బిషప్' అన్న పేరు నాకు. వెటకారం ఎక్కువైతే 'టాల్ పాన్' అంటారు, పొడుగు బంటు అని.

ఒక సెట్ విప్పేసిన రాత్రి తెల్లబంటు ఒకటి సోఫా కింద ఉండిపోయింది. ఎవరూ వెతకలేదు. ముప్ఫై ఒక్క పావుల సెట్టును అద్దెకెవరు తీసుకుంటారు? రెండు వానాకాలాలు గోడౌన్ మూల, విరిగిన సింహాసనం కింద పడున్నాం. చెమ్మకు పెట్టె ఉబ్బి మూత ఊడింది. ఎలుకలు గుర్రం చెవి కొరికాయి. 2021లో నితిన్ 'చెక్' వచ్చింది, ఉరిశిక్ష పడ్డ ఖైదీ చదరంగం ఆడే కథ. ఇప్పుడైనా పిలుస్తారని ఎదురుచూశాం. పిలవలేదు. తర్వాత పాత సామాన్లవాడి తోపుడుబండి ఎక్కించారు. బండి ఈ వీధిలో ఆగినప్పుడు వాచ్‌మన్ బేరమాడి, పిల్లల కోసం దింపుకున్నాడు. నా జోడీ శకటు అప్పటికే దారిలో ఎక్కడో జారిపోయాడు.

రెండుంటేనే శకట్లు, ఒకటుంటే లెక్కలేదని పిల్లలు తేల్చేశారు. తప్పిపోయిన బంటు చోట నన్ను నిలబెట్టారు. వెటకారం కాస్తా నిజమైపోయింది. అయితే ఒక్కో గడి ముందుకు నడుస్తుంటే తెల్లగడి, నల్లగడి, మళ్ళీ తెల్లగడి! ఒకే ఆటలో రెండు రంగులూ తొక్కడం నాకిదే మొదలు. మొన్న ఆదివారం చివరి వరసదాకా వెళ్ళాను కూడా. అక్కడికి చేరిన బంటు మంత్రి, ఏనుగు, గుర్రం, శకటు, ఏదైనా కావచ్చు. "ఏం గావాల్రా?" అనడిగాడు అవతలివాడు.

"మంత్రి! ఒంటెనెవడు దీస్కుంటడు?"