వాలశాస్త్రం

ఏ శాస్త్రమైనా మొదలుపెట్టేముందు విషయం, ప్రయోజనం, సంబంధం, అధికారి అని నాలుగూ చెప్పి తీరాలంటారు. విషయం: మూకీ కార్టూన్ల కాలంనాటి ఫెలిక్స్ అనే నల్లపిల్లి తోక. ప్రయోజనం: ఏమీ లేదు. సంబంధం: ఆ తోకకీ బెంగళూరుకీ ఉంది, వస్తున్నా. అధికారి: ఏడెనిమిది నిమిషాలు నోరు మూసుకుని తెర చూడగలవాడెవడైనా. ఈ ఒక్క నియమంతోనే మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్ కార్యవర్గం మొత్తం అనర్హమైపోయింది. నేను చేయగలిగిందేమీ లేదు.

ముందుగా పూర్వాచార్యులకు నమస్కారం. ఫ్రాన్సులో ఎమిల్ కోల్ 1908లో సుమారు 700 బొమ్మలు గీసి, రెండు నిమిషాల్లోపే అయిపోయే ‘ఫాంటాస్మగోరీ’ తీశాడు. తెల్లకాగితం మీద నల్లగా గీసి, తెరమీద తెలుపూ నలుపూ తారుమారు చేశాడు కాబట్టి చూసేవాళ్లకు పలకమీద సుద్దగీతల్లా కనిపిస్తాయి. అందులో సీసా పువ్వవుతుంది. ఎందుకవుతుందని అడిగినవాడు ఈ గ్రంథం ఇక్కడే మూసేయవచ్చు. అమెరికాలో విన్సర్ మెకే 1914లో ‘గెర్టీ’ అనే డైనోసార్ కోసం పదివేల బొమ్మలు వేశాడు. వెనక కనిపించే కొండలూ చెరువూ కూడా ప్రతి కాగితం మీదా మళ్లీ గీయాలి. ఆ చాకిరీ జాన్ ఫిట్జ్‌సిమన్స్ అనే కుర్రాడిది. అందుకే చలిజ్వరం వచ్చినట్టు ఆ కొండలు సినిమా పొడుగునా వణుకుతూనే ఉంటాయి. మెకే స్వయంగా తెర పక్కన కొరడా పుచ్చుకుని నిలబడేవాడు. చేతిలో ఆపిల్‌ని విసిరినట్టు విసిరి దాచేసుకునేవాడు, తెరమీద గెర్టీ అందుకుని మింగేది. కసిరితే కన్నీళ్లు పెట్టుకునేది. హరిదాసులకు ఈ విద్య చూపించి ఉంటే మన హరికథ ఎక్కడికో వెళ్లేది. మన దేశంలో ఫాల్కే గారు 1915లోనే అగ్గిపుల్లల్ని ఆడించి ఒక చిన్న సినిమా తీశారు. వారికి రెండు నమస్కారాలు.

ఇక ప్రథమ సూత్రం: ఊడునదే తోక, ఊడనిది బరువు.

వ్యాఖ్య. ఫెలిక్స్ 1919లో పుట్టాడు. గీసినవాడు ఒట్టో మెస్మర్. పేరూ డబ్బూ మాత్రం స్టూడియో యజమాని పాట్ సలివాన్‌కి దక్కాయి. ఈ ఆచారం బెంగళూరు ఆఫీసుల్లో కొత్తగా కనిపెట్టిందేం కాదని దీనివల్ల తెలుస్తోంది. పిల్లిని నల్లగా ఎందుకు చేశారయ్యా అంటే, ఒళ్లంతా సిరాతో నింపేస్తే లోపల గీతలు గీసే పని తప్పుతుంది, కదలిక కూడా బాగా ఆనుతుంది. అంటే శాస్త్రమంతా బద్ధకంలోంచి పుట్టింది. అసలు శాస్త్రాలన్నీ అక్కడే పుట్టాయని నా అనుమానం. ఇలా సిరాముద్దగా మిగిలిన పిల్లికి కొసన ఒక వంకరగీత వేలాడుతోంది. అవసరం పడితే ఫెలిక్స్ దాన్ని తీసి వాడుకుంటాడు. 1923 నాటి ‘ఫెలిక్స్ ఇన్ హాలీవుడ్’లో తోకని చేతికర్రగా పట్టుకుని చార్లీ చాప్లిన్‌లా పాదాలు ఎడంగా వేసి నడుస్తాడు. అంతలో అసలు చాప్లిన్ బొమ్మే వచ్చి, నా సరుకు దొంగిలిస్తావా అని గద్దిస్తుంది. అంతకుముందు యజమాని వెంట వెళ్లడానికి తానే ఒక నల్లసంచీగా మారిపోతాడు. ఆ మారడం చూడాలి: ఒళ్లు చతురస్రమైపోతుంది, తోక వంగి సంచీకి పిడి అవుతుంది. కుక్కతోక వంకర అనే సామెత ఈ శాస్త్రంలో చెల్లదు. ఇక్కడ వంకరే పెట్టుబడి.

పూర్వపక్షం: తోక అంటే ఆంజనేయస్వామిది కదా, పిల్లితోక ప్రసక్తి ఏమిటి? భీముడంతటివాడు ఎత్తలేకపోయాడు, లంక మొత్తం దానితోనే కాలింది. సమాధానం: స్వామివారి వాలం పెరుగుతుంది, మండుతుంది, చుట్టుకుంటుంది, కానీ ఎన్నడూ స్వామిని విడిచిపెట్టదు. అది భక్తి గల తోక. ఫెలిక్స్‌ది కాంట్రాక్టు తోక. రెంటినీ ఒక త్రాసులో పెట్టకూడదు. అయితే విడి అవయవాల విద్య మనకు కొత్త కాదు. బెంగళూరు నుంచి హిందూపురం మీదుగా ధర్మవరం వైపు వెళితే నిమ్మలకుంట ఉంది. అక్కడి తోలుబొమ్మకు చెయ్యి, మోచెయ్యి, కాలు విడివిడిగా కోసి, రంగులద్ది, దారంతో ముడేస్తారు. జుట్టుపోలిగాడు చెయ్యి ఊపాడంటే ఆ ముడి మహిమే. ఆ ఊరి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. అంతదూరం వెళ్లలేనివారు బెంగళూరు కుమారకృప రోడ్డులోని చిత్రకళా పరిషత్తులో తోలుబొమ్మలు చూసి రావచ్చు.

ఇప్పుడు సంబంధం. మా తోడల్లుడి కొడుకు వైట్‌ఫీల్డ్ వైపు ఒక స్టూడియోలో జంతువులకు వెంట్రుకలు పెడతాడు. ఉద్యోగమే అది. దాన్ని గ్రూమ్ అంటారట. ఫెలిక్స్ సినిమా చూపించి, “ఏరా, మీ పులికి తోక తీసి నిచ్చెన వేసుకోగలవా?” అన్నాను. వాడు నిజంగానే కంగారుపడ్డాడు. “తోక ఊడితే రిగ్, అంటే లోపలి అస్థిపంజరం, పోతుంది పెదనాన్నా, రిగ్గింగ్ వాళ్లు నన్ను బతకనివ్వరు. వెంట్రుకలన్నీ మళ్లీ పెట్టాలి. క్లయింట్ ఒప్పుకోడు.”

దీన్నిబట్టి తృతీయ సూత్రం. (ద్వితీయం ఇంకా ఉడకలేదు.) రోమము పెరిగినకొద్దీ స్వేచ్ఛ తరుగును. 2019 నాటి ‘ది లయన్ కింగ్’ సింహాల కేశపాశం వెనక ఎంపీసీ అనే గ్రాఫిక్స్ సంస్థ వారి బెంగళూరు స్టూడియో చాకిరీ కూడా ఉంది. ప్రతి వెంట్రుకా గాలికి ఊగింది. కానీ ఆ సింహం ఆశ్చర్యపోతే మనకు తెలియదు, అచ్చం సింహంలాగే ఉంటుంది కాబట్టి. అదే ఫెలిక్స్ ఆశ్చర్యపోతే తలమీద ఆశ్చర్యార్థకం పుడుతుంది, దాన్ని అందుకుని ఎవరినైనా బాదవచ్చు. అనుమానం వస్తే ప్రశ్నార్థకం పుడుతుంది, దాన్ని కొక్కెంగా తగిలించుకుని గోడ ఎక్కవచ్చు. మన పండితులు జీవితమంతా సందేహాలతోనే గడిపినా ఒక్క గోడా ఎక్కలేదు. శబ్దం లేదు కాబట్టి ఈ పిల్లి ఆలోచనకు ఒంటిబయట చోటు కావలసి వచ్చింది, వచ్చిన చోటల్లా వస్తువైపోయింది. మొదటి సినిమా ‘ఫెలైన్ ఫాలీస్’లో పాట వినిపించడానికి దారిలేక స్వరాలనే గీశారు. పిల్లీ పిల్లి ప్రియురాలూ వాటినే బండ్లు చేసుకుని తోలుకుపోయారు.

మా మిద్దెమీద నీళ్లట్యాంకు గోడకి దుప్పటి కట్టి ఈ స్వరాల బండి వేశాను. ఒడియా పిల్ల, మలయాళీ అన్నదమ్ములు, వాచ్‌మన్ గారి కన్నడ కుర్రాడు, కడప కవలలు ఒకే క్షణాన పడిపడి నవ్వారు. తర్వాత, ఇది ఏ భాష సినిమా అని ఒకావిడ అడిగింది. బెంగళూరులో ఈ ప్రశ్నకు ఎవరికీ కోపం రాని జవాబు దొరకడం నా ఎరుకలో అదే మొదలు.

ఇంకో ప్రమాణం. 1928లో న్యూయార్క్‌లో ఆర్‌సీఏ వారు టెలివిజన్ పరీక్షలకు తిరుగుడుబల్ల మీద ఫెలిక్స్ బొమ్మని నిలబెట్టారు. తెరమీద వచ్చేవి 60 గీతలే. ఆ 60 గీతల్లోనూ పిల్లి పిల్లిగానే ఆనింది. ఆ గీతల్లో మా కుర్రాడి పులి చీపురుకట్టలా కూడా కనిపించదు.

చివరి పూర్వపక్షం గట్టిది. తోక అంత గొప్పదైతే ఫెలిక్స్ ఎందుకు మునిగాడు? 1928 నవంబరు 18న మిక్కీ ఎలుక ఈలపాటతో ‘స్టీమ్‌బోట్ విల్లీ’లో దిగింది. సలివాన్ శబ్దానికి వెనకాడాడు. తర్వాత తొందరపడి అతికించిన చప్పుళ్లు అతకలేదు. పిల్లి తోక ముడిచింది. ఒప్పుకోవలసిందే. కానీ వెంట్రుకలు నమ్ముకున్నవారు మాత్రం గట్టెక్కారా? ‘లైఫ్ ఆఫ్ పై’ పులిని చేసిన రిథమ్ అండ్ హ్యూస్‌కి హైదరాబాదులోనూ స్టూడియో ఉండేది. 2013 ఫిబ్రవరిలో దివాలాకు దరఖాస్తు పెట్టిన ఆ నెలలోనే దానికి ఆస్కార్ వచ్చింది. 2025 ఫిబ్రవరిలో ఎంపీసీ మాతృసంస్థ టెక్నికలర్ మూతపడి బెంగళూరులో వేలమంది రోడ్డున పడ్డారు. ఇంతా చేసి, యానిమేషన్‌కు విధానం ప్రకటించిన తొలి రాష్ట్రం కర్ణాటకే, 2012లో. కనుక తోక వల్ల గానీ జుట్టు వల్ల గానీ వ్యాపారం నిలుస్తుందని ఈ శాస్త్రం చెప్పదు. నవ్వు మాత్రం తోకకే వస్తుంది. ఇది నా తీర్పు, అప్పీలు లేదు.

ఫలశ్రుతి కింద ఒక విన్నపం. ‘ఫాంటాస్మగోరీ’ రెండు నిమిషాల్లోపే. బెంగళూరు టిన్ ఫ్యాక్టరీ దగ్గర బస్సులో ఇరుక్కున్నవారు అక్కడే ఫోనులో చూసేయవచ్చు. ఎవరో తర్వాత తగిలించిన పియానో వినిపిస్తే సౌండు తీసేయండి. బండి తోలుతున్నవారు మాత్రం ఇంటికెళ్లాక చూడండి.